పైరవీ వేరు, వినతి వేరు
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



లాబీయింగ్ అనగానే మనకు పైరవీ గుర్తుకొస్తుంది. నా దృష్టిలో పైరవీ చాటున సాగేది, వినతి రికార్డులో నిలిచేది. అమెరికాలో 1995 నాటి చట్టం ప్రకారం లాబీయిస్టులు ఎవరి తరఫున, ఏ విషయంపై పనిచేశారో, ఎంత ఖర్చయిందో వెల్లడించాలి. వాల్‌మార్ట్ భారత మార్కెట్ కోసం అక్కడ చేసిన లాబీయింగ్ అలా బయటపడే 2012లో మన పార్లమెంటులో దుమారం రేగింది.

మన దేశంలో బడ్జెట్‌కు ముందు పరిశ్రమల సమాఖ్యలను ఆర్థికమంత్రి పిలిచి మాట్లాడతారు. కార్మిక సంఘాలనూ పిలుస్తారు. అయితే లెక్కలు కట్టిపెట్టే నిపుణులు పరిశ్రమలకే ఎక్కువ.

ఇ.పి.ఎస్.-95 పెన్షనర్ల సంగతి చూడండి. అర్జీ రాజ్యసభ వినతుల కమిటీకి చేరింది. భగత్ సింగ్ కోష్యారీ అధ్యక్షతన ఆ కమిటీ కనీస పెన్షన్ 3,000 రూపాయలుండాలని 2013లో సిఫార్సు చేసింది. 2014 సెప్టెంబర్ నుంచి దక్కింది 1,000 మాత్రమే. అర్జీ వృథా అయిందా? కాలేదు. ఏ ఎం.పి. గారిని కలిసినా చూపడానికి పార్లమెంటు కమిటీ మాటే చేతిలో ఉంది.

కనుక నా మనవి ఒక్కటే. శాలువా కప్పి ఫొటో దిగి రావడంతో సరిపెట్టుకోవద్దు. ఒక పేజీలో లెక్క, దాని కింద సంతకాలు ఇద్దాం. అందినట్టు రసీదు తీసుకునే బయటికొద్దాం.