తల్లివెంట వచ్చిన బిడ్డకు దత్తత
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



పునర్వివాహములు మనలో నేడు అరుదు గావు. సంతోషమే. అయితే తల్లి చేయి పట్టుకొని క్రొత్తయింట అడుగిడు బిడ్డ గతి యేమి? ఆ సంగతియే మనవి చేయదలచితిని.

నేను బడిపంతులుగా నున్న దినములలో రిజిష్టరు వ్రాయుచు ఒక బాలుని తండ్రిపేరడిగితిని. వాడు తల వంచుకొని “ఏ నాన్న పేరండీ?” అనెను. నేను కలము క్రింద బెట్టితిని.

మనువు పండ్రెండు విధముల పుత్రులను చెప్పెను. ఎంచి చూచినను ఈ బాలునికి వేరుగ నొక పేరు కానరాదు. దత్తుడైననే వానికి చోటు. ఆ దత్తునికైనను, పిమ్మట ఔరసుడు పుట్టినచో, వసిష్ఠుడు నాల్గవ భాగమే విధించెను. 1956 నాటి చట్టములు ఆ భేదమును తొలగించినవి. దత్తుడును ఔరసుడును నేడు సమానులు.

“అన్నము పెట్టితిని, చదివించితిని, ఇంకేమి కావలె” నను మారుతండ్రులు వినవలెను. మీరు వీలునామా వ్రాయక గతించినచో, దత్తత కాని ఆ బిడ్డకు మీ ఆస్తిలో కన్నబిడ్డ భాగము రాదు. పెంచిన మమకారము న్యాయస్థానమున చెల్లదు.

కావున దత్తపత్రము వ్రాసి, ఇచ్చువారును పుచ్చుకొనువారును సంతకములు చేసి, రిజిష్టరు చేయింపుడు. బిడ్డను ఇచ్చుట, పుచ్చుకొనుట నిజముగ జరుగవలెను. దత్తహోమము లేకున్నను చెల్లును. సంస్కృతము చదివిన నేనే చెప్పుచున్నాను, పురోహితులు కినియవలదు. వేరు ఆచారమున్ననే తప్ప బిడ్డకు 15 ఏండ్లు నిండియుండరాదు. పురుషుడు బాలికను పుచ్చుకొన్నచో ఇరువురికి 21 ఏండ్ల అంతరముండవలెను. కన్నతండ్రి జీవించియున్నచో సామాన్యముగ ఆయన సమ్మతియు కావలెను.

ఇందొక చిక్కు కలదు. ఇంట కుమారుడుండగా ఈ చట్టము క్రింద మరియొక బాలుని దత్తు చేసికొనరాదు. క్రొత్త దాంపత్యమున కొడుకు పుట్టువరకు జాగు చేసితిరా, ఈ త్రోవ మూసికొనును. అట్టివారికి 2015 నాటి బాలల న్యాయచట్టము వేరొక త్రోవ చూపినది. దంపతులు కేంద్ర దత్తత సంస్థవారి పోర్టలులో నమోదు చేసికొని, జిల్లా బాలల సంరక్షణ విభాగము ద్వారా దరఖాస్తు పెట్టవలెను. 2022 సెప్టెంబరు నుండి ఉత్తర్వు నిచ్చువారు కోర్టువారు కారు, జిల్లా మేజిస్ట్రేటుగారే, అనగా మన కలెక్టరుగారే.

ఇక ఇంటిపేరు. ఆంధ్రదేశపు కుటుంబమొకటి ఈ తగవుతోనే సుప్రీంకోర్టు వరకు పోయినది. తండ్రి గతించిన బిడ్డకు మరల వివాహమాడిన తల్లి క్రొత్త ఇంటిపేరు పెట్టవచ్చుననియు, దత్తత నీయవచ్చుననియు 2022లో తీర్పు వచ్చినది. పోయిన కొడుకు పేరు కూడ పోవునేమో యను తాత నాయనమ్మల దుఃఖమును నే నెరుగుదును. ఈ సభలోనే అట్టివారు కలరు. వారికి నా ప్రార్థన యొక్కటే: పండుగలకు బిడ్డను మీ యింటికి పంపుమని అడుగుడు, పత్రమునకు మాత్రము అడ్డుపడకుడు.

సభానంతరము భోజనశాల వెలుపల కూర్చుందును. కాగితములు తెచ్చినవారికి చదివి చెప్పెదను.