చిలికా చెప్పే లెక్క

(బరంపురంలో జరిగిన ఉపకారవేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పర్యావరణం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా చేసి రిటైరైనవాణ్ణి. సైన్సు మాస్టార్ని కాను. అందుకని పుస్తకం పక్కన పెట్టి, మన ఇంటి పక్కనున్న చిలికా సరస్సు సంగతే చెబుతాను. భువనేశ్వర్ రైల్లో రంభ దగ్గర పడగానే మీరంతా కిటికీలోంచి చూసే నీళ్లే అవి.

ఆ సరస్సులోకి ఒకవైపు నుంచి దయా, భార్గవి వంటి నదుల మంచినీరు వస్తుంది. మరోవైపు నుంచి బంగాళాఖాతం ఉప్పునీరు వస్తుంది. రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది. పిల్లలు ముఖద్వారం గుండా చిలికాలోకి వచ్చి పెరుగుతాయి, పెద్దవై తిరిగి సముద్రానికి పోతాయి. ఇలా నీరు, మట్టి, గడ్డి, చేప, పక్షి, మనిషి ఒకరి మీద ఒకరు ఆధారపడి బతికే ఏర్పాటునే ఆవరణ వ్యవస్థ అంటారు.

ఇందులోనూ జమాఖర్చులున్నాయి. నాచు, నీటిగడ్డి ఎండనుంచి శక్తిని కూడబెడతాయి. వాటిని తిన్న చిన్న జీవికి అందులో ఇంచుమించు పదోవంతే ఒంటబడుతుంది. దాన్ని తిన్న పెద్ద చేపకు మళ్లీ అందులో పదోవంతు. అందుకే అడుగున గడ్డి విస్తారంగా ఉండాలి, పైన డాల్ఫిన్లు కొద్దిగానే ఉంటాయి. చిలికాలో ఇరావతి డాల్ఫిన్లు ఈమధ్య లెక్కల్లో నూటయాభై పైచిలుకు మాత్రమే. ఒక కాన్పుకు ఒకే పిల్ల. నాలుగు చచ్చిపోతే ఆ లోటు పూడడానికి ఏళ్లు పడుతుంది.

1981లో చిలికా అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలగా రామ్‌సర్ జాబితాకెక్కింది. 1993కల్లా ప్రమాదంలో ఉన్నవాటి పట్టికలో చేరింది. కారణం ఒక్కటి కాదు. నదులు తెచ్చిన ఒండ్రు అడుగున పేరుకుంది. ఇసుక మేటవేసి ముఖద్వారం పూడుకుపోయింది. ఉప్పదనం తగ్గేసరికి మంచినీటి కలుపు అల్లుకుంది. పైగా రొయ్యల కోసం నీళ్లలోనే వెదుళ్లు, వలలతో ఘేరీలు కట్టి చేపల దారి మూసేశారు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. 1994లో నేను ఆ ఒడ్డునే ఒక బ్రాంచిలో లోను సెక్షన్‌లో ఉండేవాణ్ణి. రొయ్యల చెరువులకు అప్పులడిగేవాళ్లు వరసకట్టేవారు. కాగితాలు సరిగ్గా ఉన్నాయా, జామీను ఉందా, వాయిదా ఎప్పుడు, ఇవే చూశాను. పక్క కౌంటరు దగ్గర వలలవాళ్లు బంగారం తాకట్టు పెట్టడానికి నిలబడేవారు. ఒక ముసలాయన, "బాబూ, ఇదివరకు వలేస్తే చేప పడేది, ఇప్పుడు నాచు పడుతోంది" అన్నాడు. పాపం అనుకుని రసీదు రాసిచ్చాను. ఆ రెండు వరసలకూ సంబంధం ఉందని నాకు చాలా ఏళ్లు తోచలేదు. నా లెడ్జరులో తప్పు లేదు. తప్పు ఎక్కడుందంటే, చిలికా పేరున ఒక ఖాతా ఉండాలని నాకు తట్టలేదు.

1996 డిసెంబరులో సుప్రీంకోర్టు చిలికా, పులికాట్ సరస్సులకు 1,000 మీటర్ల లోపల రొయ్యల చెరువులు పెట్టకూడదని తీర్పిచ్చింది. 2000 సెప్టెంబరులో చిలికా అభివృద్ధి సంస్థ సిపకుద దగ్గర కొత్త ముఖద్వారం తవ్వించింది. ఉప్పునీరు తిరిగొచ్చింది, దానితో చేపపిల్లలూ వచ్చాయి. 1999-2000లో సుమారు 1,700 టన్నులున్న చేపల దిగుబడి రెండేళ్లలో 12 వేల టన్నుల దాకా పెరిగింది. 2002లో చిలికా పేరు ఆ ప్రమాద పట్టికలోంచి తీసేశారు. మంగళజోడిలో ఒకప్పుడు పక్షులను వేటాడినవాళ్లే వాటికి కాపలాదారులయ్యారు. ఈమధ్య జనవరి లెక్కల్లో వలస పక్షులు పది లక్షలు దాటుతున్నాయి.

అయితే ఇంతటితో అయిపోలేదు. ఘేరీలు తీసేసినచోటే మళ్లీ వెలిశాయి. ఒండ్రు ఏటా వస్తూనే ఉంది. డాల్ఫిన్లను చూపిస్తామని మోటారు పడవలు వాటి వెంటపడుతున్నాయి. పిక్నిక్కు పోయి ప్లాస్టిక్కు వదిలి వచ్చేవాళ్లలో మన పిల్లలూ ఉన్నారు.

పిల్లలూ, మీలో కామర్సు చదివేవాళ్లున్నారు, ఇంజనీరింగు చదివేవాళ్లున్నారు. పర్యావరణం మన సబ్జెక్టు కాదనుకోకండి. వడ్డీ తిని బతకవచ్చు, అసలు తింటే రేపు లేదు. చిలికాలో చేప వడ్డీ. నీరు, గడ్డి, ముఖద్వారం అసలు. రేపు మీరు ఏ కుర్చీలో కూర్చున్నా, సంతకం పెట్టే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ లాభం ఎవరి అసలులోంచి వస్తోంది? ముప్పై ఏళ్ల కిందట ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు, నేనూ అడుక్కోలేదు. మీరు అడగాలి.