కంప్యూటరు పొగలు కక్కితే...



ఈ రోజు వంటింటి సంగతి కాకుండా, ముందుగదిలో బల్లమీద కూర్చున్న కంప్యూటరు సంగతి మాట్లాడుకుందాం. గ్యాసు వాసన వస్తే ఏం చెయ్యాలో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. రెగ్యులేటరు కట్టేస్తాం, కిటికీలు తెరుస్తాం. మరి పొద్దున్నే కంప్యూటరు స్విచ్చి వెయ్యగానే ‘టప్’మని మెరుపు మెరిసి, డబ్బా వెనకనుంచి పొగ లేస్తే? చాలా ఇళ్లల్లో రెండే పనులు జరుగుతాయి. ఆయన వచ్చేదాకా ఆగుదామని అలాగే వదిలేస్తారు. లేదంటే, ‘ఏమైందో’ అని ఇంకోసారి స్విచ్చి వేసి చూస్తారు. మొదటిది ఆలస్యం, రెండోది అపాయం.

ముందు కరెంటు తెగాలి. డబ్బా ముందున్న బటను నొక్కితే కంప్యూటరు నిద్రపోతుందే తప్ప కరెంటు తెగదు. గోడమీది స్విచ్చి వేసి వున్నంతకాలం లోపల కొంత భాగానికి కరెంటు అందుతూనే వుంటుంది. అందుచేత గోడమీది స్విచ్చే కట్టెయ్యాలి. మధ్యలో యూపీఎస్ వుంటే, గోడ స్విచ్చి కట్టినా అది తన బ్యాటరీలోంచి ఇస్తూనే వుంటుంది కాబట్టి దాన్నీ ఆపాలి. ఆ తరవాతే ప్లగ్గు పీకాలి. స్విచ్చిబోర్డే కాలుతూ వుంటే దాని జోలికి పోకుండా మీటరు దగ్గర మెయిను కట్టెయ్యండి. నీళ్లు మాత్రం పొయ్యకూడదు. పొగ ఆగక మంట పైకి వస్తే పిల్లల్ని తీసుకుని బయటికి వచ్చి, 101కి ఫోను చెయ్యడమే మంచిది.

ఇక అసలు ఏం కాలింది? మనం ‘సీపీయూ’ అని పిలిచే డబ్బాలో, కరెంటు తీగ దూరే చోట ఫ్యానుతో ఒక ఇనప పెట్టె వుంటుంది. దాన్ని ఎస్ఎంపీఎస్ అంటారు. మన ఇంటికి వచ్చే 230 వోల్టుల కరెంటును 12, 5, 3.3 వోల్టులకు దించి లోపలి భాగాలకు వడ్డించేది అదే. ఇంటికి వచ్చే దెబ్బ ఏదైనా ముందు తగిలేది దానికే. అందువల్ల స్విచ్చి వెయ్యగానే వచ్చే మెరుపు, పొగ చాలాసార్లు దానిలోంచే వస్తాయి. అది పోయినంత మాత్రాన కంప్యూటరంతా పోయినట్టు కాదు. ఈ ఒక్క ముక్క తెలియక ఎన్నో ఇళ్లవాళ్లు కొత్తది కొనుక్కుంటున్నారు.

మా అక్క కూతురు నల్లగొండ జిల్లా కేతేపల్లిలో, హైదరాబాదు–విజయవాడ రోడ్డు పక్కన జిరాక్సు, ఆన్‌లైను దరఖాస్తుల కొట్టు నడుపుతుంది. డిగ్రీ సీట్లకోసం 2016లో ‘దోస్త్’ వచ్చినప్పటినుంచి ఎండాకాలం చివర పిల్లలందరూ అలాంటి కొట్లకే వస్తారు. మొన్నామధ్య రాత్రి గాలివాన కురిసింది. పొద్దున ఆమె స్విచ్చి వెయ్యగానే మెరుపు, పొగ. నాకు ఫోను చేసింది. ‘చిన్నమ్మా, డబ్బాల పొగ వచ్చింది. దరఖాస్తులకు రెండు రోజులే గడువుంది. ఇంకోసారి ఏసి చూడాల్నా?’ ‘వద్దు బిడ్డా, ముట్టకు. పక్క కొట్లల్ల ఏమన్నా కాలినయా అడుగు’ అన్నాను. అడిగితే పక్కింట్లో టీవీ పోయిందట, ఎదురింట్లో రాత్రి బల్బులు మిరుమిట్లు గొలిపి ఆరిపోయాయట.

ఆ మాట వినగానే తప్పు కంప్యూటరుది కాకపోవచ్చని తెలిసింది. ట్రాన్స్‌ఫార్మరు నుంచి వచ్చే న్యూట్రలు తీగ తెగితే కొన్ని ఇళ్లకు వోల్టేజి పడిపోతుంది, కొన్నింటికి 230 పోయి 400 దరిదాపుల వరకూ ఎక్కుతుంది. అలాంటప్పుడు కొత్త ఎస్ఎంపీఎస్ తెచ్చి బిగిస్తే అదీ మాడిపోతుంది. అందుచేత 1912కు ఫోను చేసి, లైను సరిచేయించి, వోల్టేజి చూపించుకున్నాకే మరమ్మతు మొదలుపెట్టింది.

మొదట చూపించిన కొట్టులో ‘అంతా కాలింది, కొత్తది కొనండి’ అన్నారట. ఆమె హార్డు డిస్కు విప్పించి తీసుకుంది. పిల్లల మెమోలు, కుల ధ్రువీకరణ పత్రాలు, ఫోటోలు అన్నీ అందులోనే వున్నాయి. మరో కుర్రవాడు ఆ డిస్కును వేరే కంప్యూటరుకు తగిలిస్తే అన్నీ భద్రంగా కనిపించాయి. ఎస్ఎంపీఎస్ ఒక్కటి మారిస్తే కంప్యూటరు లేచి కూర్చుంది. గడువులోపల దరఖాస్తులన్నీ వెళ్లాయి. ఒక్కొక్కప్పుడు డిస్కు మీది పలకకూ దెబ్బ తగలవచ్చు. అయినా చూడకుండా పారేయించడం మాత్రం తగదు.

మెకానిక్కు వచ్చేలోపల మీరు కూడా కొన్ని చూసి పెట్టుకోవచ్చు. ప్లగ్గు పీకి, పొగ పోయి, చల్లారిన తరవాతే సుమా! ముందు ప్లగ్గు చూడండి. కాళ్లు నల్లబడితే, సాకెట్టు కరిగితే తప్పు బోర్డులో వుంది. స్విచ్చి వేసి వుండగా ప్లగ్గు గుచ్చితే చిన్న చిటుక్కు రావడం మామూలే. ఎస్ఎంపీఎస్ లోపల ఖాళీగా వున్న కెపాసిటర్లు ఒక్కసారిగా కరెంటు గుటకవెయ్యడంవల్ల అది వస్తుంది. పొగ, మాడు వాసన మాత్రం ఎప్పుడూ మామూలు కాదు.

తరవాత డబ్బా వెనక వాసన చూడండి. మాడిన పోపుకూ మాడిన పాలకూ తేడా తెలిసిన ముక్కు మనది. ఎస్ఎంపీఎస్ జల్లి దగ్గరే వాసన ఘాటుగా వుంటే దోషం అక్కడిదే. పాత ఎస్ఎంపీఎస్‌ల వెనక 115, 230 అని రాసిన చిన్న ఎర్ర మీట వుంటుంది. పిల్లలు ఆడుకుంటూ దాన్ని 115కు జరిపితే మన కరెంటుకు స్విచ్చి వెయ్యగానే పేలుతుంది. అది 230 మీదే వుందో లేదో చూడండి. పక్క పలక విప్పితే ఇంకా చూడవచ్చు. తీగలు కలిసే చోట ప్లాస్టిక్కు కరిగిందా, ఊడిన మర ఏదైనా పలకమీద పడిందా, బల్లి దూరి చచ్చిందా, మదరుబోర్డుమీద చిన్న డ్రమ్ముల్లాంటి కెపాసిటర్ల తలలు ఉబ్బాయా? 1999 నుంచి ఏడెనిమిదేళ్లపాటు నాసి కెపాసిటర్లు ప్రపంచమంతటా కంప్యూటర్లలోకి వెళ్లి, ఉబ్బి కారిపోయాయి. ఆ కాలపు డబ్బా ఎవరింట్లోనైనా వుంటే ఈ తలలే ముందు చూడాలి.

ఒక్కటి మాత్రం చెయ్యకండి. ఎస్ఎంపీఎస్ పెట్టెను విప్పవద్దు. ప్లగ్గు పీకినా దానిలోని కెపాసిటర్లలో ప్రాణాపాయమయ్యే కరెంటు కొంతసేపు నిలిచి వుంటుంది. అందులో ఫ్యూజు పోయిందని లావు తీగ వేసే మెకానిక్కుకు కంప్యూటరు అప్పగించవద్దు. ఫ్యూజు పోవడం జబ్బు కాదు, జబ్బుకు గుర్తు. మంచి మెకానిక్కు ఎస్ఎంపీఎస్‌ను విడిగా తీసి, మీటరు పెట్టి చూస్తాడు. 12 వోల్టుల తీగలో 11.4కీ 12.6కీ మధ్య రావాలి. ఆ అంకె ఎంత వచ్చిందని మీరే అడగండి. అడిగే ఇల్లాలిని మోసం చెయ్యడం కష్టం.

చివరగా ఎర్తు సంగతి. డబ్బాను తాకితే చెయ్యి జివ్వుమంటుందా? అయితే ఎర్తు సరిగా లేదన్నమాట. ప్లగ్గులోని లావు కాలు వున్నది అందుకే. దాన్ని విరిచి రెండు కాళ్లు చేసి గుచ్చేవాళ్లను చూశాను. అది ప్రాణాలతో చెలగాటం. మన నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ఎర్రనేలలు ఎండాకాలంలో ఎండి గట్టిపడతాయి, నేల ఎండితే ఎర్తు పని చెయ్యదు. బొగ్గు, ఉప్పు వేసి చేసిన ఎర్తు గుంటలో ఎండల్లో అప్పుడప్పుడు బిందెడు నీళ్లు పోస్తే చాలు. ఉరుములు మొదలైతే స్విచ్చి కట్టడంతో సరిపెట్టక ప్లగ్గే పీకండి, ఇంటర్నెట్టు తీగ కూడా తియ్యండి. ముఖ్యమైన కాగితాలు, పెళ్లి ఫోటోలు ఇంకొకచోట ఒక ప్రతి వుంచుకోండి. కాలిన ఎస్ఎంపీఎస్ అంగట్లో దొరుకుతుంది. చిన్నప్పటి పాప ఫోటో ఏ అంగట్లోనూ దొరకదు.

గ్యాసును మనం భయపడుతూనే నేర్చుకున్నాం, ఇవాళ ధైర్యంగా వాడుతున్నాం. ఇదీ అంతే. పొగ వచ్చిన రోజున గోడ స్విచ్చి కట్టే చెయ్యి మనదే కావాలి.