చుక్కలు రాయమన్న పెద్దమ్మ



నేను కంటి వైద్యంలోకి వచ్చిన కొత్తలో ఒక పెద్దమ్మ రెండు కళ్ళలో శుక్లాలతో వచ్చింది. "కోతలూ అవీ వద్దు నాయనా, పొర కరిగే చుక్కలేవైనా రాయి" అంది. రాశాను. రెండేళ్లు పూట తప్పకుండా వేసుకుంది. ఒక సాయంత్రం గడప కనబడక పడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆ చీటీ మీద ఉన్నది నా సంతకం. అందుకే ఇవాళ, పట్టాలు అందుకుంటున్న మీకు, ఆ చుక్కల సంగతే చెబుతాను.

ఆమె ఆశలో తప్పేమీ లేదు. శాస్త్రవేత్తలూ అదే ఆశపడ్డారు. కంటి కటకం నడిమధ్యనున్న ప్రొటీన్లు మనం తల్లి కడుపులో ఉండగా ఏర్పడినవే. ఒంట్లో చాలాచోట్ల పాతవి పోయి కొత్తవి వస్తాయి, అక్కడ రావు. డెబ్భై ఏళ్ల మనిషి డెబ్భై ఏళ్లనాటి ప్రొటీన్ లోంచే మనవళ్లను చూసుకుంటాడు! వాటిని ఆక్సీకరణ నుంచి కాచే గ్లూటాథయోన్, వయసు మీరేకొద్దీ ఆ నడిమికి సరిగా చేరదు. ప్రొటీన్లు ముద్దకట్టి కటకం మసకబారుతుంది; అదే శుక్లం. అయితే ఆక్సీకరణను అడ్డుకునే అలాంటి పదార్థం, అంటే యాంటీఆక్సిడెంట్, అందిస్తే సరి అని ఎవరికైనా తోస్తుంది.

అందించి చూశారు. దక్షిణ భారత పల్లెల్లో 798 మందితో ఐదేళ్లపాటు బీటా కెరోటిన్, విటమిన్ సి, ఇ మాత్రల పరీక్ష జరిగింది. 2006లో వెలువడిన ఫలితం: శుక్లం జోరు తగ్గలేదు. ఇక శుక్లాన్ని కరిగిస్తాయనే ఎన్-అసిటైల్ కార్నోసిన్ చుక్కలకు నమ్మదగిన ఆధారం లేదని, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కొక్రేన్ సంస్థ సమీక్ష 2017లో తేల్చింది. అసలు కంట్లో వేసిన మందులో నూటికి ఐదు వంతులైనా లోపలికి దిగడం కష్టం. నిజంగా పనిచేసే చుక్క మీలో ఎవరైనా కనిపెడితే, మొదటి సీసా నేనే కళ్ళకద్దుకుంటాను.

అంతవరకు మనకున్నది శస్త్రచికిత్స. 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ కృత్రిమ కటకం అమర్చిన నాటి నుంచి అది ఎంతో మెరుగుపడింది. "ముదరనివ్వండి, తర్వాత తీయిద్దాం" అనే పాతమాట ఇంకా మన ఊళ్లలో వినిపిస్తోంది. ముదిరితే ఆపరేషన్ కష్టమవుతుందని ఓపిగ్గా చెప్పండి. ఆ పెద్దమ్మ అడిగింది చుక్కలే అయినా, ఆమె అసలు భయం కత్తి. ఆ భయం గురించి నేను అడగలేదు. మీరు అడగండి.