బంపరు కోసం భూప్రదక్షిణ

(మహాసభల యువజన వేదికలో చేసిన ప్రసంగ పాఠం)

వెనక వరుసల్లో కూర్చుని 'ఈ అంకుల్ ఎప్పుడు ముగిస్తాడా' అని ఫోన్లో టైము చూసుకుంటున్న పిల్లలకు ప్రత్యేకంగా నమస్కారం.

నా ముందు మాట్లాడిన ఇద్దరిలో ఒకరు రిటైర్మెంటు పొదుపు గురించీ, ఇంకొకరు రక్తపోటు గురించీ చెప్పారు. నేను చెప్పబోయేది ఆ రెండింటికీ శత్రువైన విషయం. పాత సూపర్ కారు ఒకటి కొని, దానికి దొరకని బాడీ ముక్కలు వెతికి, మనకు నచ్చినట్టు కట్టుకోవడం. ఈ పనిలోకి ఎవరినీ దింపాలని నాకు లేదు. కానీ మీ ఇంట్లో పిల్లవాడో పిల్లో ఇప్పటికే దిగి ఉంటే మాత్రం ఈ నాలుగు మాటలూ పనికొస్తాయి.

మా బండి లోటస్ ఎస్ప్రీ, 1989 మోడల్. ఇంగ్లండులో నార్ఫోక్ ప్రాంతంలోని హెథెల్‌లో, ఒకప్పటి యుద్ధ విమానాశ్రయం స్థలంలో ఉన్న ఫ్యాక్టరీలో తయారైంది. 1976 నుంచి 2004 దాకా ఈ మోడల్ చేశారు. ఇరవై ఎనిమిదేళ్ళలో మొత్తం పదివేల పైచిలుకు బళ్ళే. మొదటి రూపం ఇటలీకి చెందిన జ్యుజారోది. 1987లో దాన్ని గుండ్రంగా మార్చినవాడు పీటర్ స్టీవెన్స్. ఆ తరవాత మెక్‌లారెన్ ఎఫ్1కి బయటి రూపం ఇచ్చింది కూడా ఆయనే. ఎస్ప్రీకి వెన్నెముక లాంటి చాసిస్ ఉక్కుది, పైన ఒళ్ళంతా ఫైబర్‌గ్లాస్. అంటే మనూళ్ళో టింకరింగ్ మేస్త్రీ సుత్తితో సరిచేసే రేకు కాదు. దెబ్బ తగిలితే సొట్ట పడదు, పగులుతుంది.

2019లో ఒహాయోలో ఆ బండిని ఇన్సూరెన్స్ వాళ్ళు పనికిరాదని రాసేసిన స్థితిలో కొన్నాం. ముందు బంపరు లేదు, ఎడమవైపు హెడ్‌లైట్ మూత లేదు, ఒక సైడు అద్దం లేదు, వెనక లైటొకటి పగిలింది. అప్పటికి మా వాడికి పదహారేళ్ళు. ఫ్యాక్టరీలో ఎలా వచ్చిందో అలాగే నిలబెట్టాలని మేం అనుకోలేదు. చక్రాల పైన అంచులు కాస్త వెడల్పు చేసి, మాకు నచ్చిన రంగేసి, మా బండిగా కట్టుకోవాలనుకున్నాం. మా ఆవిడ అడిగింది ఒకటే ప్రశ్న: "మంచు పడేటప్పుడు నా కారు ఎక్కడ పెట్టుకోవాలి?" దానికి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

ముందుగా అందరూ చేసే పని మేమూ చేశాం. బండి పేరు కొట్టి, పార్టు పేరు కొట్టి వెతికాం. వెనక లైటు ధర చూసి మా వాడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. అప్పుడు నాకు విజయవాడ ఆటోనగర్ గుర్తొచ్చింది. కాలేజీ సెలవుల్లో అక్కడొక మేస్త్రీ దగ్గర కూర్చునేవాణ్ణి. లారీకి సామాను తెమ్మంటే నేను డబ్బా మీద కంపెనీ పేరు చదివేవాణ్ణి. ఆయన, "పేరు చూడకురా, సరుకు మీద నంబరు చూడు" అనేవాడు. ఏ పార్టు ఎవరు చేసి ఎవరికి అమ్మారో ఆయనకు నోటికి వచ్చు.

సూపర్ కార్లకు ఆ మాట ఎంత నిజమో చెబితే ఆశ్చర్యపోతారు. కొద్ది బళ్ళు మాత్రమే చేసే కంపెనీ ఒక లైటుకో హ్యాండిల్‌కో సొంతంగా అచ్చు పోయించుకోలేదు. పెద్ద కంపెనీల సామానులోంచే తెచ్చుకుంటుంది. మా ఎస్ప్రీనే తీసుకోండి. మొట్టమొదటి బళ్ళకు వెనక లైట్లు ఫియట్ ఎక్స్1/9వి. తరవాతివాటికి రోవర్ ఎస్‌డి1వి. 1987 నుంచి టొయోటా కొరోలా ఏఈ86వి. 2002లో చివరి రూపానికి షెవ్రొలే కార్వెట్‌వి. ఒక్క బండి వెనక నాలుగు దేశాల లైట్లు! జాగ్వార్ ఎక్స్‌జె220 అని, సుమారు 280 మాత్రమే చేశారు, దాని వెనక లైట్లు మామూలు రోవర్ 200వి. 1999లో లాంబోర్గిని డియాబ్లోకి పెట్టిన హెడ్‌లైట్లు నిస్సాన్ 300జెడ్ఎక్స్‌వి. గర్భగుడిలో దేవుడి నగల్లో రెండు రోల్డుగోల్డువి ఉన్నట్టన్నమాట. చూసేవాడికి తేడా తెలియదు, వెతికేవాడికి తెలియాలి.

కాబట్టి నా మొదటి సలహా: అరుదైన ముక్క అనగానే బెదిరిపోకండి, దాని వంశవృక్షం వెతకండి. లైటు అద్దం మీద చిన్న వలయంలో ఇంగ్లీషు 'ఇ' అక్షరం, పక్కన ఒక అంకె ఉంటుంది. అది ఐరోపాలో అనుమతి ఇచ్చిన దేశానికి గుర్తు. 1 అంటే జర్మనీ, 2 ఫ్రాన్స్, 3 ఇటలీ, 11 బ్రిటన్. అమెరికా కోసం చేసిన లైటు మీద 'డిఓటి' అని ఉంటుంది. ఆ అచ్చునూ, తయారుచేసిన కంపెనీ నంబరునూ రాసుకుని వెతకండి. మా వెనక లైటు టొయోటా పేరుతో దొరికింది. అదీ ఇప్పుడు చవక కాదు, ఏఈ86కి కూడా అభిమాన సంఘాలు వచ్చేశాయి. అయినా లోటస్ పేరు మీద అడిగిన ధరలో మూడోవంతు.

సైడు అద్దం కథ ఇంకా బాగుంటుంది. అది ఫ్రెంచి బండి సిట్రోయెన్ సీఎక్స్‌ది. ఆ బండి అమెరికా రోడ్ల మీద అరుదు, ఫ్రాన్సులో మాత్రం 1974 నుంచి 1991 దాకా లక్షల్లో తిరిగింది. ఫ్రెంచివాళ్ళు ఆ అద్దాన్ని 'రెత్రోవిజర్' అంటారు. ఇంగ్లీషు పేరుతో మూడు నెలలు దొరకనిది, ఆ మాట వాడగానే వారంలో దొరికింది. ఇంగ్లండులో వెతికేటప్పుడూ అంతే. అమెరికావాడు హుడ్ అంటే ఇంగ్లీషువాడు బానెట్ అంటాడు, ఫెండర్ అంటే వింగ్ అంటాడు, ట్రంక్ అంటే బూట్ అంటాడు. బానెట్ మనకు చిన్నప్పటినుంచీ తెలిసిన మాటే. డిక్కీ అంటే మాత్రం ఎవరికీ అర్థం కాదు, నేను ప్రయత్నించాను.

రెండో సలహా రవాణా గురించి. బాడీ ముక్కల్లో బరువుండదు, గాలి ఉంటుంది. కొరియర్‌వాడు ఆ గాలికే డబ్బు తీసుకుంటాడు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే ఎంతొస్తుందో, విమానంలో అదే దాని బరువని చాలా అంతర్జాతీయ కొరియర్ల లెక్క. 190, 70, 60 సెంటీమీటర్ల పెట్టెలో బంపరు పెట్టారనుకోండి. లోపలి ముక్క చేత్తో ఎత్తగలిగేదే, కానీ బిల్లు సుమారు 160 కిలోలకు పడుతుంది. అదే పెట్టె ఓడలో అయితే ఒక ఘనపు మీటరులోపే. నెలన్నర ఆగగలిగితే ఓడే మేలు. ఇంకొక మాట. 800 డాలర్ల లోపు పార్సెల్‌కి సుంకం లేకుండా వచ్చే వెసులుబాటును 2025 ఆగస్టు 29 నుంచి నిలిపేశారు. కాబట్టి డబ్బు కట్టకముందే కస్టమ్స్ బ్రోకరును అడిగి సుంకం ఎంతో తెలుసుకోండి.

మూడో సలహా, ముక్క చేతికొచ్చాక ముందు తిరగేసి చూడండి. ఫైబర్‌గ్లాస్‌కి పైన రంగు, లప్పం ఏదైనా దాచగలవు. వెనకవైపు దాచలేదు. అతుకు వేసి ఉంటే అక్కడ వేరే రంగు గుడ్డ పొర కనిపిస్తుంది. నాణెంతో మెల్లగా తడుతూ వెళ్ళండి. గట్టి చోట టక్కుమని మోగుతుంది, పొరలు విడిపోయిన చోట బొద్దుగా వినిపిస్తుంది. కుండ కొనేటప్పుడు మన అమ్మమ్మలు వేలితో కొట్టి చూసేవాళ్ళే, అదే పరీక్ష.

ఇవన్నీ మెళకువలు. అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడు చెబుతాను.

లైటు దొరికింది, అద్దం దొరికింది. బంపరూ హెడ్‌లైట్ మూతా దొరకలేదు. అవి ఎస్ప్రీకి తప్ప ఇంకే బండికీ లేవు, వాటికి వంశవృక్షం లేదు. పద్నాలుగు నెలలు వెతికాం. ఒకరోజు పక్క రాష్ట్రం నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. బంపరు, బానెట్, రెండు మూతలు, వాటిని పట్టుకునే లోపలి భాగంతో సహా ముందు సగం మొత్తం ఉందన్నాడు. ధర మేం అనుకున్నదాంట్లో సగం. నగదే కావాలన్నాడు. వాడూ నేనూ ట్రైలర్ కట్టుకుని నాలుగు గంటలు ప్రయాణం చేసి వెళ్ళాం.

ముక్క నిక్షేపంలా ఉంది. నాణెంతో తట్టి చూశాను, ఎక్కడా వంక లేదు. కానీ లోపలి గోడ మీద నంబరు పలక ఉండాల్సిన చోట రెండు రివెట్ రంధ్రాలే ఉన్నాయి. ఇది ఏ బండిదని అడిగాను. గుర్తులేదన్నాడు. ఆ బండి కాగితం ఏదైనా, కనీసం టైటిల్ ఫోటో అయినా ఉందా అన్నాను. లేదన్నాడు. పోనీ అమ్మినట్టు మీ పేరుతో సంతకం పెట్టి రశీదు ఇవ్వండి అన్నాను. నగదు బేరానికి రశీదేమిటని నవ్వాడు.

మా వాడు నన్ను పక్కకు పిలిచాడు. "నాన్నా, ఇది వదిలేస్తే ఇక దొరకదు. దొంగదని నీకెలా తెలుసు?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. "నాకు తెలియదు. కాదని ఆయనా చూపించలేకపోతున్నాడు. మన బండికి ముక్కు పెట్టడానికి ఇంకెవరి బండి ముక్కో కోసి ఉంటే, ఆ కోత కూలి ఇచ్చింది మనమే అవుతాం కదరా" అన్నాను. ఖాళీ ట్రైలర్‌తో వెనక్కి వచ్చాం. నాలుగు గంటలూ వాడు నాతో మాట్లాడలేదు. ఇంటికొచ్చాక ఇంకో వారం మాట్లాడలేదు.

పిల్లలూ, ఇక్కడ చట్టం సంగతి కూడా వినండి. దొంగ సొత్తును ఎంత డబ్బిచ్చి కొన్నా అది మనది కాదు. పోలీసులు తీసుకుపోతారు, డబ్బు తిరిగిరాదు. ఒహాయోలో పనికిరాదన్న బండిని బాగుచేసి మళ్ళీ రోడ్డెక్కించాలంటే హైవే పెట్రోల్ వాళ్ళు తనిఖీ చేస్తారు. వేసిన ముక్కలకు రశీదులు చూపించమంటారు. బండి నంబరు తెలిస్తే నేషనల్ ఇన్సూరెన్స్ క్రైమ్ బ్యూరో వారి విన్‌చెక్‌లో ఉచితంగా సరిచూసుకోవచ్చు. నంబరే చెప్పని ముక్కను ఏ చెక్కుతో చూస్తాం? అయితే చట్టం లేకపోయినా నేను అదే పని చేసేవాణ్ణి. అరుదైన బండి దొంగతనానికి గిరాకీ పుట్టించేది దొంగ కాదు. ప్రశ్న అడగకుండా కొనే మనలాంటివాడు.

మరి బంపరు ఎలా వచ్చింది? ఎస్ప్రీ యజమానుల బృందంలో ఒక రిటైరైన పెద్దాయన ఉన్నారు. మా ఊరికి రెండు గంటల దూరం. మా అవస్థ విని, "నా బంపరు విప్పి ఇస్తాను, అచ్చు తీసుకోండి" అన్నారు. మొహం తెలియని మాకు, ముప్ఫై ఏళ్ళుగా గీత పడకుండా చూసుకున్న ముక్క! దాన్ని దుప్పట్లలో చుట్టి, పసిపిల్లను తెచ్చినట్టు తెచ్చాం. మైనం ఎనిమిది పూతలు పూశాం, ఒక్కో పూతా ఆరాక తుడిచాం. దాని మీద విడిపించే ద్రవం, ఆపైన జెల్‌కోటు, ఆపైన గాజుగుడ్డ, రెసిన్ పొరలు. అచ్చు వంగిపోకుండా వెనక చెక్క పట్టీలు. గట్టిపడ్డాక చెక్క మేకులు పెట్టి అంగుళం అంగుళం విడదీస్తుంటే మా వాడి చేతులు వణికాయి. పెద్దాయన బంపరు మచ్చ లేకుండా బయటికొచ్చింది. ఆ అచ్చులోంచి రెండు తీశాం. ఒకటి మాకు, ఒకటి ఆయనకు, ఎప్పుడైనా అవసరమైతే ఉంటుందని. హెడ్‌లైట్ మూతా అలాగే. రెసిన్ పనికీ, గాజు పొడి రాపిడికీ సరైన రెస్పిరేటర్ మాస్కు, చేతి తొడుగులు తప్పనిసరి. ఇందులో పొదుపు చేయకండి.

ఇంకొక్క జాగ్రత్త. ఇంట్లో పోసింది పైతొడుగు మాత్రమే. స్టీరింగుకీ, బ్రేకులకీ, చాసిస్‌కీ, బంపరు వెనక దెబ్బ కాసే ఉక్కుకీ సంబంధించినవన్నీ కొత్తవి, బిల్లుతో కొన్నాం. అందం మన చేత్తో చేసుకోవచ్చు. ప్రాణం కాసేది మాత్రం పరీక్షలు దాటిందే కావాలి.

2022లో తనిఖీకి తీసుకెళ్ళాం. ఆఫీసరు బండి చుట్టూ ఒకసారి తిరిగాడు, ఆ తరవాత మా వాడి చేతిలోని ఫైలు అడిగాడు. లైటు రశీదు, ఫ్రాన్సు నుంచి వచ్చిన అద్దానికి కస్టమ్స్ కాగితం, గాజుగుడ్డ, రెసిన్ బిల్లులు, పెద్దాయన సంతకం పెట్టిన ఉత్తరం, అచ్చు తీసేటప్పటి ఫోటోలు, అన్నీ తారీఖుల వారీగా వాడే పెట్టాడు. ఒక్కొక్కటే తిప్పి చూసి, సంతకం చేసి, "ఫైలు చాలా బాగుంది" అన్నాడు. బండి గురించి ఒక్క ముక్క అనలేదు! మా వాడు ఇప్పుడు అకౌంటింగ్ చదువుతున్నాడు. ఇంజనీరవుతాడని ట్రైలర్ కొన్న తండ్రి గతి ఇది.

చివరిగా ఒక మాట. ముక్క కొనేటప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. ఎవరు చేశారు? ఏ బండి మీంచి వచ్చింది? కాగితం మీద రాసిస్తారా? మూడింటికీ జవాబు ఉంటే బేరమాడండి. లేకపోతే, అది ప్రపంచంలో ఆఖరి ముక్కైనా సరే, ట్రైలర్ తిప్పుకుని వచ్చేయండి. అచ్చు ఇచ్చేవాళ్ళు ఎక్కడో ఉంటారు. వాళ్ళు దొరికేదాకా ఆగే ఓపికే ఈ పనిలో అన్నిటికంటే అరుదైన సామాను.