కట్టడపు పనిలో భద్రతాధికారి

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అను సామెత ఎరుగని తెలుగువారు లేరు. ఆ సామెతలోని కష్టమంతయు ఇల్లు కట్టించువారిది. ఇటుకల ధర, మేస్త్రీ జాప్యము, చేబదుళ్లు, వడ్డీలు, ఇవియే అందులో ధ్వనించును. పరంజా మీద నిలిచి గోడ పెట్టువాని కష్టము గాని, పునాది గోతిలో దిగినవాని ప్రాణభయము గాని అందు కానరాదు. అది కట్టించువారి నోటనే పుట్టిన సామెతయై యుండును.

నేటి ప్రసంగములో మేము ముచ్చటింపదలచినది ఆ పనివారిని గూర్చియు, వారి ప్రాణమును కాపాడుటయే ఉద్యోగముగా గల మరియొకరిని గూర్చియు. ఆ ఉద్యోగికి భద్రతాధికారి అని పేరు. పనిచోట అందరును సేఫ్టీ ఆఫీసరు అనియే పిలుతురు. ఆ ఉద్యోగమునకు ఏ చదువు కావలెను? ఆ చదువులో ఏమి నేర్పుదురు? నేర్పవలసియుండియు చాలచోట్ల నేర్పనిది ఏది? ఈ కడపటి ప్రశ్నయే మమ్ము ఎక్కువగా బాధించుచున్నది.

ముందు చట్టము సంగతి. పెద్ద కర్మాగారములలో ఇట్టి అధికారి ఉండవలెనని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమునకు 1976లో చేసిన సవరణ విధించినది. కట్టడపు పనులకు అట్టి విధి వచ్చుటకు మరి ఇరువది యేండ్లు పట్టినది. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగిననాడు గాని, 1967 ఆగస్టు 4వ తేదీన కాలువలకు నీరు వదలిననాడు గాని, తలల మీద రాళ్లు మోసి ఆ మహా కట్టడమును లేపిన కూలీలకై ఇట్టి అధికారిని నియమింపుడని చెప్పు కేంద్ర చట్టము లేదు. 1996లో భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టము వచ్చి, 500 మంది గాని అంతకు మించి గాని పనిచేయు చోట భద్రతాధికారి ఉండితీరవలెనన్నది. 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడు ఆ సంఖ్యను 250కి దించినది. ఈ కోడు అమలులోనికి వచ్చినది 2025 నవంబరు 21వ తేదీన. సంఖ్య సగమైనచో అధికారులు కావలసిన చోట్లు పెరుగును. ఈ చదువు చదువువారును పెరుగుదురు.

ఇక అర్హతలు. 1998 నాటి కేంద్ర నిబంధనలు భద్రతాధికారి కాదలచినవారి నుండి మూడు విషయములు కోరినవి. ఇంజనీరింగులో గాని, టెక్నాలజీలో గాని, ఆర్కిటెక్చరులో గాని పట్టమును, కట్టడపు పనులలో పర్యవేక్షకులుగా రెండేండ్ల అనుభవమును ఉండవలెను. డిప్లొమా మాత్రమే ఉన్నచో అనుభవము అయిదేండ్లు. రెండవది, పారిశ్రామిక భద్రతలో గుర్తింపు గల పట్టమో డిప్లొమాయో ఉండి, అందు నిర్మాణ భద్రత ఒక పాఠ్యాంశమై యుండవలెను. మూడవది ఒక చిన్న వాక్యము: ఆ చోట పనిచేయువారిలో ఎక్కువమంది మాటలాడు భాష తగినంతగా తెలిసియుండవలెను. మొదటి రెంటికి కాగితములు చూపవచ్చును. మూడవదానికి కాగితము లేదు. కాగితము లేనిదానిని అడుగువారు అరుదు. అడుగనిదానిని నేర్పు శిక్షణాలయములును అరుదే.

శిక్షణాలయముల విషయమున ఒక మాట చెప్పక తప్పదు. కేంద్ర కార్మిక మంత్రిత్వ శాఖకు చెందిన ముంబయి, చెన్నై, కోల్‌కతా, కాన్పూరు సంస్థలలో పారిశ్రామిక భద్రతకై సంవత్సర కాలపు ఉన్నత డిప్లొమా ఉన్నది. గల్ఫు దేశములకు పోదలచిన యువకులు, బ్రిటనులో 1979లో ఏర్పడిన నెబోష్ అను పరీక్షా మండలి వారి సర్టిఫికెట్టునకు చదువుచున్నారు. అచ్చటి పెద్ద కంపెనీలు దానికి విలువ నిచ్చును. ఈ రెండును వేరువేరు దారులు. ఒకదానికి పనికివచ్చిన కాగితము రెండవదానికి పనికిరాకపోవచ్చును. ఇవి గాక, మన పట్టణములలో బస్సు స్టాండు గోడల మీద కనబడు “ఫైర్ అండ్ సేఫ్టీ” ప్రకటనలు కలవు. వానిలో మంచివియు ఉండును. కాని రుసుము కట్టకముందే, ఆ డిప్లొమాను ఏ ప్రభుత్వ సాంకేతిక విద్యామండలి గుర్తించినదో వ్రాతమూలముగా చూపుడని అడుగుట తండ్రుల వంతు. పొలము కుదువబెట్టి రుసుము కట్టిన పిదప ఈ ప్రశ్న అడిగి ప్రయోజనము లేదు.

చదువులో ఏమున్నదని అడుగుదురేమో. తొలుత కన్నునకు శిక్షణ. పరంజా మీద పండ్రెండడుగుల ఎత్తున నిలిచినవాడు మనకు పెద్ద ఎత్తున ఉన్నట్లు తోపడు. లెక్క వేసి చూతము: అంత ఎత్తు నుండి పడు మనిషి ఒక సెకను నిండకముందే నేలను తాకును; అప్పటికి అతని వేగము గంటకు ముప్పది కిలోమీటర్లు. కాలు జారినదని తెలిసి చేయి చాచు వ్యవధి లేదు. అందుచేతనే అంతకు మించిన ఎత్తున గల పరంజాకు అంచు పొడవునను కటకటా ఉండవలెనని మన దేశపు నిర్మాణ నియమములు చెప్పుచున్నవి. మట్టి సంగతియు అట్టిదే. ఒక ఘనపు మీటరు మట్టి టన్నున్నర బరువునకు తగ్గదు. గోతి ప్రక్క కూలి రొమ్ము వరకు మట్టి కప్పినవాడు, తల బయటనే ఉన్నను ఊపిరి విడిచిన ప్రతిసారియు మట్టి బిగియుటచే మరల పీల్చలేడు. మీటరున్నరకు మించి లోతైన కందకమునకు ప్రక్కలను పలకలతో బిగింపవలెననుట ఇందుకొరకే. సిమెంటు తడి చర్మమును తినివేయుననియు, రాయి కోయునపుడు లేచు సన్నని ధూళి ఊపిరితిత్తులలో చేరి, తిరిగి నయముకాని సిలికోసిస్ వ్యాధిని కలిగించుననియు కూడ ఆ తరగతులలో నేర్పుదురు. పడిపోయినవాడు అందరికి కనబడును. దగ్గుచు ఇంటికి పోయినవాడు ఏ లెక్కలోను చేరడు.

రెండవది ఆలోచనకు శిక్షణ. ప్రమాదమును ఎదుర్కొనుటకు ఒక వరుస ఉన్నది. మొదట ప్రమాదమునే తొలగింపవలెను. వీలుకానిచో తక్కువ ప్రమాదము గల పద్ధతిని తేవలెను. పిదప అడ్డు కట్టవలెను. పిదప పని వేళలను, క్రమమును మార్చవలెను. ఇవన్నియు చేసిన పిమ్మట మిగిలిన కొంచెమునకు టోపీ, బెల్టు, చేతి తొడుగులు. చాలచోట్ల జరుగునది తలక్రిందులు. టోపీలు పంచి, ఫోటో తీసి, పని అయిపోయిన దనుకొందురు. ఒక ఉదాహరణము చెప్పెదము. చుట్టకుదురు పెట్టుకొని ఇసుక గమేళా మోయు ఆడకూలీకి ప్లాస్టిక్ టోపీ ఇచ్చినారు. టోపీ మీద చుట్టకుదురు నిలువదు. ఆమె టోపీని తీసి గోడ మీద పెట్టును. ఆఫీసరు వచ్చి జరిమానా వ్రాయును. ఇద్దరిలో తప్పెవరిది? వరుస తెలిసిన అధికారి టోపీని గూర్చి వాదింపక, తల మీది బరువునే తీసివేయు మార్గమును వెదకును. చేతి బండి గాని, చిన్న హాయిస్టు గాని తెప్పించును. సేఫ్టీ బెల్టు కథయు ఇట్టిదే. కొక్కెము తగిలించుటకు గట్టి ఆధారము లేని చోట బెల్టు ధరించినవాడు బెల్టుతో సహా పడును.

ఇక మూడవది నోటికి శిక్షణ. మా ఉద్దేశమున అన్నింటికంటె ముఖ్యమైనది, అన్నింటికంటె నిర్లక్ష్యము పొందినది ఇదియే. పెద్ద పనిచోట్ల ప్రతి ఉదయమును పని మొదలుపెట్టకముందు పది నిమిషములు కూలీలను నిలువబెట్టి ఆనాటి ప్రమాదములను చెప్పు ఆచారము కలదు. టూల్ బాక్స్ టాక్ అని దాని పేరు. ఒకనాడు పాలమూరు కూలీలు గుంపు మేస్త్రీల వెంట దేశమంతయు తిరిగి ఆనకట్టలు, కాలువలు కట్టినారు. పరభాషలో అధికారి చెప్పుమాట వారికి ఎంతవరకు అర్థమైనదో ఎవరడిగిరి? నేడు హైదరాబాదులో చక్రము తిరిగినది. ఇచ్చటి మేడలను లేపువారిలో ఒడిశా, బీహారు, బెంగాలు నుండి వచ్చినవారు ఎందరో ఉన్నారు. మన తెలుగు యువకుడు అధికారియై, పుస్తకములోని ఇంగ్లీషునకు తెలుగు ముక్కలు కలిపి మాటలాడును. వారు తలలు ఊపుదురు. తల ఊపుట అర్థమగుటకు గుర్తు కాదు. పెద్దమనిషి మాటలాడునపుడు తల ఊపుట మర్యాద మాత్రమే.

ఒక్క మాటనే చూడుడు. ఒక తెలుగు మేస్త్రీ పరంజా అనును, మరియొకడు సారువ అనును. హిందీ ప్రాంతపువాడు పాడ్ అనును, బెంగాలీవాడు భారా అనును. మన భాషలోనే ఇన్ని మాటలుండగా, “స్కాఫోల్డింగు వద్ద జాగ్రత్త” అను ఇంగ్లీషు బోర్డు ఎవరిని కాపాడవలెను? భద్రతాధికారి నాలుగు భాషలలో పండితుడు కానక్కరలేదు. పడును, కూలును, ఆగు, దిగు, కరెంటున్నది, తాకకు, ఇట్టి ముప్పది నలువది మాటలను ఆ చోటి కూలీల పలుకుబడిలో నేర్చుకొనిన చాలును. మరి యొక మంచి పద్ధతి కలదు. తాను చెప్పి ముగించక, ఒక కూలీని ముందుకు పిలిచి, “నేను చెప్పినది నీ మాటలలో వీరికి చెప్పుము” అని అడుగవలెను. అతడు తడుముకొన్నచో పాఠము చేరలేదన్నమాట. పరీక్షలో నూటికి తొంబది మార్కులు తెచ్చుకొన్నవారికి ఈ పరీక్ష కష్టముగా తోచును. పరీక్షా మండలులు ఈ నోటి పనికి కొన్ని మార్కులైనను కేటాయింపవలెనని మా అభిప్రాయము.

నోరున్నను ధైర్యము లేనిచో చాలదు. స్లాబు వేయు దినమును తలచుకొనుడు. కాంక్రీటు లారీలు వీధిలో వరుసగా నిలిచి తిరుగుచున్నవి. ఆలస్యమైనచో లోపలి సరకు గట్టిపడును. ఆ సమయమున, సెంట్రింగు క్రింద నాలుగు జాకీలు విరిగిన ఇటుకల మీద నిలిపియుండుటను అధికారి చూచినాడు. ఆపుడని చెప్పవలెను. ఎవరితో? తనకు జీతమిచ్చు వారితో. ఇదియే ఈ ఉద్యోగములోని అసలు ముడి. దీనిని శిక్షణ ఒక్కటియే విప్పజాలదు. ఆపమన్న అధికారి మాట ఆనాడు చెల్లునని కంపెనీ ముందుగానే వ్రాసి, మేస్త్రీల వరకు తెలిపియుండవలెను. అట్టి వ్రాతను ఉద్యోగములో చేరునాడే అడుగుమని విద్యార్థులకు నేర్పు గురువు గొప్ప మేలు చేసినవాడగును.

ఇంతవరకు చెప్పినది పెద్ద పనులను గూర్చి. వినుచున్నవారిలో ఎందరో చిన్న యిల్లు కట్టుకొనదలచినవారై యుందురు. సొంత నివాసమునకై 50 లక్షల రూపాయలకు మించని ఖర్చుతో కట్టు ఇల్లు కొత్త కోడు నిర్వచనములో చేరదు. కాబట్టి మీ యింటికి ఏ భద్రతాధికారియు రాడు. అచ్చట ఆ చదువు చేరవలసినది మేస్త్రీకి. హైదరాబాదులో 1998లో నెలకొల్పిన నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ వంటి సంస్థలు తాపీ పనివారికి, వడ్రంగులకు, కడ్డీలు కట్టువారికి శిక్షణ నిచ్చుచున్నవి. పని అప్పగింపకముందు మేస్త్రీతో మాటలాడునపుడు ధర ఒక్కటియే గాక, అతడు గాని అతని మనుష్యులు గాని అట్టి శిక్షణ పొందిరా అని కూడ అడుగవచ్చును.

పని నడుచునపుడు ఇంటివారు గమనింపదగినవి కొన్ని ఉన్నవి. గోతిలో నుండి తీసిన మట్టిని అంచుననే పోయనీయక, కనీసము మీటరున్నర దూరమునకు, గోయి లోతైనచో లోతులో సగము దూరమునకు వేయింపవలెను. తాత్కాలికపు కరెంటు తీగకు ముప్పది మిల్లీ ఆంపియర్ల లీకేజికే ఆగిపోవు స్విచ్చి పెట్టింపవలెను. దాని వెల ఇంటి ఖర్చులో లెక్కకు రాదు. ఎండకాలమున నడిమధ్యాహ్నపు పనిని ఉదయమునకు జరిపి, నీడను, త్రాగునీటిని దగ్గర ఉంచవలెను. నిచ్చెన నాలుగడుగుల ఎత్తునకు ఒక అడుగు చొప్పున వాలి, పై కొన అంచునకు మీటరు మించి పొడుచుకొని వచ్చి, అచ్చట కట్టివేసి యుండవలెను. ఇది వీధి వాకిట నిలిచియే చూడవచ్చును.