మేస్త్రితో మాట, కాగితం మీద

(పొదుపు సంఘం సమావేశంలో ఒక వాలంటీరు టీచరు చేసిన ప్రసంగం)



ఈ రోజు పాఠం మన ఇళ్ల గురించి. మన వీధుల్లో సిమెంటు రోడ్లు పడ్డాయి. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్త రోడ్డు వేశారు. రోడ్డు లేచింది. ఇల్లు దిగింది. వాన పడితే నీళ్లు గడప దాటి లోపలికి వస్తున్నాయి. బియ్యం సంచి తడుస్తోంది. పిల్లల పుస్తకాలు తడుస్తున్నాయి. అందుకే మీలో కొంతమంది "బేస్‌మెంటు లేపాలి" అంటున్నారు. పట్నంలో పెద్ద భవనాలకు బేస్‌మెంటు అంటే నేల కింద ఉండే గది. మన ఊళ్లో బేస్‌మెంటు అంటే పునాది మీద, నేలకంటే పైకి లేచిన కట్టు. నేను మన బేస్‌మెంటు గురించే చెబుతున్నాను.

దీనికోసం సంఘంలో అప్పు తీసుకుంటున్నారు. అప్పు ఎవరి పేరు మీద ఉంది? మీ పేరు మీద. కిస్తీ ఎవరు కట్టాలి? మీరే. మరి మేస్త్రి ఎవరితో మాట్లాడుతున్నాడు? ఇంట్లో మగవాళ్లతో. మీరేమో టీ ఇచ్చి తలుపు వెనక నిలబడుతున్నారు. అక్కా, ఆ మాట జరిగేటప్పుడు మీరు కూడా కూర్చోండి. చేతిలో నోటుబుక్కు, పెన్ను పెట్టుకోండి.

మేస్త్రులందరూ మోసం చేస్తారని నేను అనను. వాళ్లూ కష్టపడి బతికేవాళ్లే. ఎక్కువ తగాదాలు ఎక్కడ వస్తాయో తెలుసా? "అది గుత్తలో లేదమ్మా" అనే మాట దగ్గర. ఆయన మనసులో ఒకటి ఉంటుంది. మన మనసులో ఇంకొకటి ఉంటుంది. రెండూ కాగితం మీదికి రావు.

మేస్త్రిని పిలిచే ముందే మనం కొన్ని కొలుచుకోవాలి. మొదట, రోడ్డు మన నేలకంటే ఎంత ఎత్తులో ఉంది? దీనికి సన్నని తెల్ల పైపు చాలు. దాన్ని నీళ్లతో నింపండి. లోపల గాలి బుడగలు ఉండకూడదు. ఒక కొసను రోడ్డు దగ్గర పట్టుకోండి. ఇంకో కొసను ఇంట్లో గోడకు పట్టండి. రోడ్డు దగ్గర కొసను పైకి కిందికి జరిపి, అందులో నీళ్లు రోడ్డు మట్టానికి వచ్చేలా చూడండి. రెండు కొసల్లో నీళ్లు ఒకే మట్టంలో నిలుస్తాయి. ఇంట్లో నీళ్లు నిలిచిన చోట గోడ మీద బొగ్గుతో గీత గీయండి. అదే రోడ్డు ఎత్తు. కొత్త నేల ఆ గీత కంటే పైన ఉండాలి.

ఇప్పుడు దర్వాజ చూడండి. చాలామంది మరిచిపోయేది ఇదే. నేలను రెండు అడుగులు లేపామనుకోండి. ఆరున్నర అడుగుల దర్వాజ నాలుగున్నర అడుగులే మిగులుతుంది. వంగి వంగి ఇంట్లోకి పోవాలి. అంటే దర్వాజ తీసి పైకి పెట్టాలి. దాని మీది గోడ పగలగొట్టాలి. అది పెద్ద పని, ఖర్చు కూడా. ఇది గుత్తలో ఉందా లేదా, ముందే అడగండి. పైకప్పు కూడా చూసుకోండి. 10 అడుగుల గది 8 అడుగులు అవుతుంది. 9 అడుగుల గది అయితే 7 అడుగులే అవుతుంది. చెయ్యి ఎత్తితే ఫ్యాను తగులుతుంది! రేకుల ఇల్లయితే గోడ పెంచి రేకులు పైకి వేయవచ్చు. స్లాబు ఇంటికి ఆ వీలు లేదు. మట్టి గోడల ఇల్లయితే తొందరపడకండి. ముందు ఇంజనీరుకు చూపించండి.

ఇక లెక్క. భయపడకండి, మనం నేర్చుకున్న గుణకారమే. గది పొడవు 12 అడుగులు. వెడల్పు 10 అడుగులు. మొరం అడుగున్నర నింపాలి. 12ని 10తో గుణిస్తే 120. దాన్ని ఒకటిన్నరతో గుణిస్తే 180 ఘనపు అడుగులు. దిమ్మిసతో కొడితే మొరం దిగుతుంది. కాబట్టి ఇంకో పావు వంతు కలపండి. 225 అయింది. ఇప్పుడు ట్రాక్టరు ట్రాలీని కొలవండి. పొడవు 9, వెడల్పు 5, లోతు 2 అడుగులు ఉందనుకోండి. 90 ఘనపు అడుగులు పడుతుంది. అంటే రెండున్నర ట్రాలీలు. మూడు తెప్పిస్తే చాలు. ఎవరైనా "ఆరు కావాలమ్మా" అంటే, "ఎట్లా?" అని అడగండి. ఆయన లెక్క ఆయన చెబుతాడు. మన లెక్క మనం చెబుదాం.

నింపడానికి నల్లరేగడి మట్టి వద్దు. అది తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. పైన వేసిన బండలు పగులుతాయి. మొరం మంచిది. దాన్ని ఒకేసారి పోయకూడదు. అరడుగు పోయాలి, నీళ్లు చల్లాలి, దిమ్మిసతో కొట్టాలి. మళ్లీ అరడుగు పోయాలి. ఈ పని జరిగేటప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు ఉండండి. బండలు పరిచాక కింద ఏముందో ఎవరికీ కనిపించదు.

పని ఇవ్వడంలో రెండు పద్ధతులు ఉన్నాయి. ఒకటి దినకూలి. రెండోది గుత్త. దినకూలి అయితే పని నెమ్మదిగా సాగుతుందని మనకు భయం. గుత్త అయితే పని తొందరగా ముగించి పోతారని భయం. ఇలాంటి కొలత తెలిసిన పనికి గుత్తే మేలని నా అభిప్రాయం. కానీ సామాను మనమే కొనాలి. ఇద్దరు ముగ్గురు మేస్త్రులను అడగండి. వాళ్లు ఇంతకు ముందు చేసిన ఇల్లు ఒకటి చూసి రండి. ఆ ఇంటామెతో మాట్లాడండి. తక్కువ అడిగాడని వెంటనే ఒప్పుకోకండి. దర్వాజ పని ఒకాయన లెక్కలో ఉంటుంది, ఇంకొకాయన లెక్కలో ఉండదు.

కాగితం ఇలా రాసుకోవచ్చు. కూలి అంకెలు లెక్క కోసం రాసినవే. మీ ఊరి ధర మీరు వేసుకోండి.

"ముందు గది 12 అడుగులు, 10 అడుగులు. మొరం అడుగున్నర నింపి, ప్రతి అరడుగుకు నీళ్లు చల్లి దిమ్మిస కొట్టాలి. పైన 3 అంగుళాల కాంక్రీటు వేయాలి. దాని మీద తాండూరు బండలు పరచాలి. దర్వాజ తీసి పైకి పెట్టాలి. బయట రెండు మెట్లు కట్టాలి. పగలగొట్టిన మట్టి, రాళ్లు మేస్త్రే తీయించాలి. సామాను ఇంటివాళ్లది. పనిముట్లు, కూలీలు మేస్త్రివి. మొత్తం కూలి 30,000 రూపాయలు. బయానా 3,000. మొరం పని అయ్యాక 9,000. కాంక్రీటు, దర్వాజ అయ్యాక 10,000. బండలు, మెట్లు పూర్తయి, అన్నీ చూసుకున్నాక 8,000. ఈ తేదీన మొదలు. ఈ తేదీకి పూర్తి."

కింద ఇద్దరూ సంతకం పెట్టాలి. ఇద్దరు సాక్షులు కూడా పెట్టాలి. రెండు కాగితాలు రాసి, ఆయనకు ఒకటి, మనకు ఒకటి. డబ్బు ఇచ్చిన ప్రతిసారీ కాగితం వెనక తేదీ వేసి ఆయన సంతకం తీసుకోండి. "మా మీద నమ్మకం లేదా అమ్మా?" అని అడగవచ్చు. "నమ్మకం ఉంది అన్నా, మా సంఘంలో లెక్క చూపించాలి" అనండి. అది నిజమే కదా!

మధ్యలో పని పెరిగితే? "ఇంకో అలమర కూడా కట్టు అన్నా" అని మనమే అడుగుతాం. అప్పుడు దాని కూలి కూడా అప్పుడే రాసుకోవాలి. చివర్లో కూర్చుని బేరం చేస్తే ఇద్దరికీ నష్టమే.

బయానా కంటే ఎక్కువ ముందుగా ఇవ్వకండి. ప్రభుత్వం కూడా అలాగే చేస్తుంది. 2024లో తెలంగాణలో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకం చూడండి. 5 లక్షలు ఒకేసారి ఇవ్వరు, విడతలుగా ఇస్తారు. మొదటి లక్ష బేస్‌మెంటు పూర్తయ్యాకే.

సామాను కొనేటప్పుడు మీ చదువు బాగా పనికొస్తుంది. సిమెంటు సంచి మీద అచ్చు చదవండి. 50 కిలోలు అని ఉంటుంది. ఐ.ఎస్.ఐ. గుర్తు ఉంటుంది. ఏ సంవత్సరం, ఎన్నో వారంలో తయారైందో కూడా ఉంటుంది. సంవత్సరానికి 52 వారాలు. 13 వారాలు అంటే మూడు నెలలు. మూడు నెలలు దాటి నిల్వ ఉన్న సిమెంటు బలం తగ్గుతుంది. అలాంటి సంచి వద్దని చెప్పండి. మెట్లకు ఇటుక కొనేటప్పుడు రెండు ఇటుకలు ఒకదానికొకటి కొట్టి చూడండి. ఖంగుమని మోగాలి. కట్టే ముందు వాటిని నీళ్లలో తడపాలి.

కాంక్రీటు వేశాక కనీసం 7 రోజులు తడిగా ఉంచాలి. ఆ నీళ్లు ఎవరు పోయాలి? కాగితంలో అదీ రాసుకోండి. మేస్త్రి మనమే పోస్తామనుకుంటాడు. మనం ఆయన పోస్తాడనుకుంటాం. చివరికి ఎవరూ పోయరు.

ఆ రోజుల్లో పొయ్యి ఎక్కడ? పడక ఎక్కడ? అది కూడా ముందే ఆలోచించండి. వానలు మొదలు కాకముందే పని ముగిసేలా తేదీ పెట్టుకోండి.

ఇన్ని చేసినా తగాదా రావచ్చు. మొదట సంఘంలో కూర్చుని మాట్లాడుకుందాం. మేస్త్రిని కూడా పిలుద్దాం. అక్కడ తేలకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో ఇళ్ల నిర్మాణం కూడా సేవల్లో ఉంది. డబ్బు తీసుకుని గుత్తకు ఒప్పుకున్న కాంట్రాక్టరు పని పాడు చేస్తే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. రెండేళ్లలోపు చేయాలి. మనం ఇచ్చిన డబ్బు 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. సలహాకు 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు. ఆడవాళ్లకు ఉచిత న్యాయ సహాయం కూడా ఉంది. దానికి నంబరు 15100. ఈ రెండు నంబర్లు నోటుబుక్కు వెనక అట్ట మీద రాసుకోండి. ఫిర్యాదుకు పోతే మొదట అడిగేది ఆ కాగితమే.

గ్రామసభలో ఇంకో మాట కూడా అడుగుదాం. ఈసారి రోడ్డు వేసేటప్పుడు పాతది తవ్వి వేయమందాం. పక్కన కాల్వ తీయమందాం. వీధిలో ఇళ్లన్నీ లేపే కన్నా అది చవక.

టేపు తెచ్చాను. లేవండి, ముందు ఈ గది కొలుద్దాం. ఒక అక్క ఆ కొస పట్టుకోండి. ఒకరు పలక మీద రాయండి. పొడవు ఎంత వచ్చింది?